మంచినీళ్లలో ఆల్చిప్పలు

ఫ్రాన్సు దక్షిణం, ఉప్పు సరస్సు ఒడ్డు
2025 అక్టోబరు 9

సరళ వదినకు,

ఫోన్ చేస్తే ఎత్తవు. "నీతోని ఫోన్ల మాట్లాడితే లొల్లే అయితది, ఏదన్నుంటే కాగితం మీద రాయి" అన్నావు. అందుకే రాసి, ఫొటో తీసి నీ ఫోన్‌కు పంపుతున్నాను.

మిర్యాలగూడ నుంచి ఇక్కడికి చేరడానికి రెండు రోజులు పట్టింది. సాగర్‌లో మా చేపపిల్లల కేంద్రం నుంచి నన్నొక్కదాన్నే పంపారు కదా, మూడు నెలలు ఆల్చిప్పల పెంపకం చూసి రమ్మని. మనకు వాటితో ఏం పని అని అడిగితే మా సారు "నీళ్ల సంగతి నేర్చుకో, చిప్పల సంగతి దేవుడెరుగు" అన్నాడు.

ఊరు మన గరిడేపల్లిలో సగం ఉండదు. ముందు పెద్ద సరస్సు, దానికీ మధ్యధరా సముద్రానికీ నడుమ సన్నని ఇసుక గట్టు. గట్టు సందుల్లోంచి సముద్రం నీళ్లు లోపలికి వస్తుంటాయి. అలలు లేవు, ఆటుపోట్లు లేనట్టే. దూరం నుంచి చూస్తే మన చెరువే, నోట్లో పోసుకుంటే తెలుస్తుంది. నీళ్ల మధ్యలో వరుసగా ఇనుప పందిళ్లు, వాటికి తాళ్లు, తాళ్లకు ఆల్చిప్పలు. తాడుకు ఎట్లా అతుక్కుంటాయో చెప్పుకో చూద్దాం. సిమెంటు! ఒక్కో బిళ్ల సిమెంటు పెట్టి మూడేసి పిల్లచిప్పలను తాడుకు అతికిస్తారు. ఆరితే నీళ్లలోకి దించుతారు. వచ్చిన మర్నాటి నుంచీ నా పని అదే. మేస్త్రీ పని చేయడానికి విమానమెక్కి వచ్చినట్టయింది.

నన్ను ఇంట్లో పెట్టుకున్న ఆమె పేరు లూసెత్. అరవై రెండేళ్లు. భర్త లేడు, పడవ ఉంది. కొంచెం ఇంగ్లీషు మాట్లాడుతుంది, మిగతాది ఫోన్‌లో అనువాదం. మొదటి రోజే ఒక చిప్ప తెరిచి, నిమ్మరసం పిండి నా చేతికిచ్చింది. లోపలిది ముడుచుకుంది. బతికే ఉంది వదినా! బతికుండగానే తింటారు. నేను కళ్లు మూసుకుని మింగాను. రుచి అడగకు, సముద్రం మింగినట్టుంది.

ఇక అసలు సంగతి. పెళ్లప్పుడు నాన్న నాకిచ్చిన మూడు గొర్రెలు అన్న మందలోనే ఉండి పద్నాలుగయ్యాయి. ఆడపిల్ల జీవాలు అన్న మందలో పెరగడం మన ఇళ్లల్లో ఉన్నదే. కుడి చెవికి గాటున్నవి నావి, ఎడమ చెవికి గాటున్నవి కోదాడ నుంచి మీ అమ్మగారు నీ వెంట పంపినవి. గాటు లేనివి ఇంటివి. నా పద్నాలుగూ అమ్మి మిర్యాలగూడలో మా అరెకరంలో కొర్రమీను చెరువు తవ్విస్తానంటే నువ్వు అంత గొడవ ఎందుకు చేశావో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. జనవరిలో నేను రాగానే బేరం. మందతో మేతకు పెద్దవూర దాకా పోతే మళ్లీ చేతికి రావు కాబట్టి, వాటిని వేరు దొడ్డిలో పెట్టమన్నాను. పెట్టావా లేదా, అది ఒక్కటి రాయి.

గోపిక


గరిడేపల్లి
అక్టోబరు 17

గోపికకు,

నీ కాగితం సదివిన. పుస్తకం రాసినట్టే రాసినవ్. నాకు గట్ల రాదు, నోటికొచ్చిందే రాస్త, తప్పులు ఏరకు.

బతికున్నదాన్ని నిమ్మకాయ పిండుకొని మింగుతరా? ఛీ. గా నోటితోని వచ్చి మా ఇంట్ల అన్నం తింటవా? అత్తకు చెవుల అరిచి చెప్తే "గాళ్లకు పొయ్యిలు లేవా" అన్నది. పాపం, నీకు తినవెట్టేటోళ్లు లేరని రెండు దినాలు పరేషానైంది.

నీ పద్నాలుగింటిని వేరు చేసిన. చాలా? కోతలైనంక మంద నాతోని పెద్దవూర దిక్కు పోతది. అక్కడ రైతులు ఎరువుకని పొలాలల్ల మంద పెట్టియ్యమని ఇప్పటి సందే అడుగుతున్నరు. నీ జీవాలను మీ అన్న సూస్తడు. సూర్యాపేటల గేటుకాడ వాచ్‌మన్ డ్యూటీ లేని పూట వచ్చి మేపుతడు, ఉన్న పూట అత్త దొడ్లనే గడ్డి ఏస్తది. ఉపేందర్ సారు జీవాల ఎంట పోక పదేండ్లాయె. గీ మాట ముందుగాల్నే చెప్పిన, నువ్విన్లే. మంద ఇరగ్గొట్టొద్దంటే నేను చెడ్డదాన్నైన.

సలి ఎక్కువుంటె స్వెటరేసుకో.

సరళ


సరస్సు ఒడ్డు
నవంబరు 6

వదినకు,

"స్వెటరేసుకో" అన్నావంటే కోపం కొంచెం తగ్గిందనుకుంటున్నాను.

ఇక్కడ వాళ్ల పనిలో నాకు నచ్చింది ఒకటి చెప్తాను. ఆల్చిప్పలు రోజంతా నీళ్లలోనే ఉంటే బద్ధకంగా పెరుగుతాయట, చిప్ప పలుచన, నోరు వదులు. సముద్రం ఆటుపోట్లున్న చోట నీళ్లు వెనక్కి పోయినప్పుడు కాసేపు గాలిలో ఉంటాయి కాబట్టి గట్టిగా నోరు మూసుకోవడం వాటికి అలవాటవుతుంది. ఇక్కడ ఆ పోటు లేదు. అందుకని లూసెత్ మోటారు పెట్టి తాళ్లన్నీ పైకి లాగుతుంది. కాసేపు ఎండ, గాలి. మళ్లీ నీళ్లలోకి. అట్లా అలవాటైనవి ఒడ్డున పడ్డా నాలుగు రోజులు నోరు తెరవకుండా బతుకుతాయి. "అత్తగారింటికి పంపే ముందు పిల్లకు పని నేర్పినట్టు" అన్నాను. ఫోన్ దాన్ని ఏమని అనువదించిందో గానీ లూసెత్ చాలాసేపు నవ్వింది.

మనిషి మంచిదే, మాట తక్కువ. ఒక్కటే పిచ్చి, తమ్ముడు. డిసెంబరు ఏడున అతనికి అరవై నిండుతాయి. ఆ రోజు భోజనానికని మూడేళ్ల నుంచి నాలుగు తాళ్లు వేరుగా పెంచుతోంది. కొనడానికి వచ్చినవాళ్లు అవే కావాలన్నా ఇవ్వదు. వాటికి సిమెంటు కూడా తన చేత్తోనే పెట్టుకుంది. చూశావా, ఇక్కడ కూడా వేరు చేసి పెంచుకుంటారు, ఎవరూ ఎవరి మందా విరగ్గొట్టడం లేదు.

ఊరికే అన్నాను, మళ్లీ మూతి ముడుచుకోకు. నా జీవాలు ఎట్లా ఉన్నాయి? వీలైతే ఒక ఫొటో పంపు.

గోపిక


సూర్యాపేట
నవంబరు 24

గోపికకు,

మీ అన్నకు ఒంట్ల బాగలేదంటే మందను నాతోని మేపే ముత్తమ్మకు అప్పజెప్పి వచ్చిన. ఆయన కిరాయి అర్రల కూసోని రాస్తున్న. జరమేం లేదు. అన్నం తింటలేడు, గోడ దిక్కు మల్లి పండుకుంటడు. దవాఖానకు పోదామంటే వద్దంటడు. నువ్వు ఆయనకు ఫోన్ చెయ్యకు, నిద్ర పాడైతది.

నీ జీవాలు మంచిగున్నయ్. వేరుగ ఉంచితే బెంగటిల్లినయని మల్ల మందల కలిపిన. కోప్పడకు. పద్నాలుగంటే పద్నాలుగు నీకు అప్పజెప్త. ఫొటో తర్వాత పంపుత.

సరళ


సరస్సు ఒడ్డు
డిసెంబరు 9

వదినా,

ఇది ఎవరికీ చెప్పకు. ప్రవీణ్‌కు కూడా చెప్పలేదు. మా ఆయన నవ్వుతాడు, నవ్వే సంగతి కాదు ఇది.

శనివారం లూసెత్, నేను పడవ మీద పోయి ఆ నాలుగు తాళ్లూ తీసుకొచ్చాం. సుత్తితో సిమెంటు కొట్టి చిప్పలు విడదీశాం. నూటఇరవై వచ్చాయి, అరచేయంత ఒక్కొక్కటి. "రేపటి దాకా చల్లని చోట పెట్టు" అని చెప్పి లూసెత్ తమ్ముడిని తీసుకురావడానికి రైల్వే స్టేషనుకు పోయింది.

ఇంట్లోకి కొర్రమీను తెస్తే మనం ఏం చేస్తాం? బకెట్‌లో మంచినీళ్లు పోసి అందులో వేస్తాం. నీళ్లు మారుస్తాం. నాకు పుట్టి బుద్ధి తెలిసిన దగ్గర నుంచీ తెలిసింది అదే, జీతం తీసుకుంటున్నదీ ఆ పనికే. బతికున్న ప్రాణిని నీళ్లు లేకుండా బుట్టలో వదిలిపెట్టడానికి మనసొప్పలేదు. పెద్ద తొట్టిలో వాటిని వేసి కుళాయి తిప్పాను. ఒక్కొక్కటీ రుద్ది కడిగి మరీ వేశాను. ఉప్పునీటి ప్రాణి మంచినీళ్లలో బతకదని నేను చదివాను వదినా, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. చెయ్యి మాత్రం కుళాయి మీదికే పోయింది.

పొద్దున చూస్తే, నీళ్లు తగిలి సముద్రమే అనుకున్నాయో ఏమో, సగానికి పైగా నోళ్లు తెరిచి ఉన్నాయి. బతికి ఉంటే తట్టగానే మూసుకోవాలి. తట్టాను. ఇంకొకటి తట్టాను. తొట్టి అంతా తట్టుకుంటూ పోయాను. మిగతావి మూసుకున్నా నమ్మడానికి లేదు, అవి మనుషులు పచ్చిగా తినేవి.

అప్పుడు చెప్పాల్సింది, చెప్పలేదు. అన్నీ గోనెసంచిలో వేసి షెడ్డు వెనక ఖాళీ చిప్పల కుప్ప కింద దాచేశాను. అమ్మకానికి పెట్టిన పెట్టెల్లోంచి అంతే లెక్కన పెద్దవి ఏరి బుట్ట నింపాను. మధ్యాహ్నం ఇరవై మంది కూర్చుని తిన్నారు. తమ్ముడు అక్కను కావలించుకున్నాడు. లూసెత్ ఒక చిప్ప చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, తర్వాత నన్ను చూసింది, తర్వాత తిన్నది.

లెక్క సరిపోయింది, ఎవరికీ ఏమీ కాలేదు, పండుగ బాగా జరిగింది. నాకు మాత్రం రెండు రోజులుగా ముద్ద దిగడం లేదు.

గోపిక


కోదాడ
డిసెంబరు 14

గోపికకు,

మా తమ్ముడు కొత్తింట్లకు పోతున్నడంటే కోదాడకు వచ్చిన. ఈడ అందరూ "వచ్చిందండీ, ఉందండీ" అని మాట్లాడుతుంటే గరిడేపల్లికొచ్చి మారిన నా మాట నాకే మోటుగ ఇనవడుతున్నది.

మంచినీళ్లు తాగి చచ్చిపోయే ప్రాణిని నేనెక్కడ ఇన్లే. నిన్ను తిట్టాల్నని కాగితం పట్టుకున్న గని తిట్టబుద్ధి కాలే.

ఒక్కటి అడుగుత చెప్పు. ఆమెకు తెలిసిందా? తెలిసే ఊకున్నదా? మారిచ్చి పెట్టినవి గూడ మంచియే గదా. లెక్కకు లెక్క సరిపోయె. ఆమె దిల్ ఖరాబ్ కాకుండ చేసినవ్, గంతే గదా నువ్వు చేసింది. దాంట్ల తప్పేమున్నది? నాకైతే తప్పు కనవడ్తలేదు. నువ్వేమంటవ్?

జల్ది రాయి.

సరళ


సరస్సు ఒడ్డు
డిసెంబరు 20

వదినా,

నువ్వు ఇంత నా పక్కన మాట్లాడతావని నేననుకోలేదు. "పోయి చెప్పు" అని నాలుగు తిడతావనుకుని, ఆ తిట్లు తిని పోయి చెబుదామని కూర్చున్నాను. నువ్వు తిట్టకపోయేసరికి నేనే పోయి చెప్పాను.

లూసెత్ షెడ్డులో తాళ్లు చుడుతోంది. ఫోన్‌లో రాసి చూపించాను. చదివి, ఫోన్ నా చేతికిచ్చేసి, తాడు చుట్టడం పూర్తిచేసింది. అప్పుడు అన్నది, "నేను మూడేళ్లు పెంచినవి నాకు తెలియవా? చేతిలోకి తీసుకున్నప్పుడే తెలిసింది. మా తమ్ముడి ముందు అడగలేకపోయాను."

క్షమించమన్నాను. మారుస్తూ తక్కువ రకం పెట్టలేదని, ఏరి ఏరి మంచివే పెట్టానని కూడా చెప్పాను. అప్పుడు కోపం వచ్చింది ఆమెకు. నేను ఇక్కడికొచ్చాక మొదటిసారి గొంతు పెంచింది. "చచ్చినవి నావి. చచ్చిన సంగతి నాకు తెలియాలి. మంచివి పెడితే సరిపోతుందా? నావి పోయాయని నేను ఏడవడానికి కూడా లేకుండా చేశావు" అన్నది.

తర్వాత కూర్చోమని, ఎట్లా పోయాయో మొదటి నుంచి చెప్పమంది. తొట్టి, కుళాయి, కడగడం, ఎన్ని తెరుచుకున్నాయి, ఎన్ని మూసుకున్నాయి, అన్నీ. చిప్పల కుప్ప దగ్గరికి తీసుకుపొమ్మంది. గోనెసంచిలోంచి నాలుగైదు తీసి చూసుకుంది. కళ్లు తుడుచుకుంది. రెండు రోజులు నన్ను పడవ ఎక్కించుకోలేదు. మూడో రోజు పొద్దున పడవలో నా బూట్లు పెట్టి ఉన్నాయి.

నువ్వడిగిన దానికి నా జవాబు ఇదే వదినా. లెక్క సరిపోవడం వేరు.

ఇంకొక్క నెల కూడా లేదు నేను రావడానికి. జీవాల ఫొటో ఇంతవరకూ పంపలేదు. అన్న కూడా ఫోన్ ఎత్తడం లేదు. మీ ఇద్దరికీ నా మీద కోపమా?

గోపిక


పెద్దవూర
డిసెంబరు 27

గోపికకు,

ఇగో ఫొటో. నీవి పద్నాలుగింటిని ఒక్క తాన నిలవెట్టి తీసిన. అవి నిలవడనీకె నా పానం పోయింది. లెక్కవెట్టుకో.

మీ అన్న డ్యూటీకి పోతున్నడు.

సరళ


సరస్సు ఒడ్డు
డిసెంబరు 29

వదినా,

లెక్కపెట్టాను, పద్నాలుగు ఉన్నాయి.

తర్వాత ఫొటో పెద్దది చేసి ఒక్కొక్కదాని చెవులు చూశాను. ఆరింటికి కుడి చెవి గాటు పాతది, నాన్న చేతిదో అన్న చేతిదో. మిగతా ఎనిమిదింటికి రెండు చెవులకూ గాట్లున్నాయి. రెండు చెవులూ కోసిన జీవం మన మందలో ఎన్నడూ లేదు. ఎడమది పాత గాటు, కుడిది ఇంకా పచ్చిగా ఉంది. పసుపు రాశావు, అది కూడా కనిపిస్తోంది. గాటు పెడితే పిల్లప్పుడే పెట్టాలి, ఈనిన గొర్రెకు పెడితే ఎంత నెత్తురు పోతుందో నీకు తెలియనిది కాదు.

నావి ఎనిమిది చచ్చిపోయాయి. నువ్వు కోదాడ నుంచి తెచ్చుకున్న నీ జీవాలకు నా గుర్తు పెట్టావు.

నాకు కోపంగా ఉంది. సిగ్గుగా కూడా ఉంది, ఏది ఎక్కువో తెలియడం లేదు. లూసెత్ నన్ను అడిగినట్టే నిన్ను అడుగుతున్నాను. ఎట్లా పోయాయి? ఏవేవి పోయాయి? మొదటి నుంచి చెప్పు.

గోపిక


గరిడేపల్లి
2026 జనవరి 2

గోపికా,

చెప్త. నడుమ మాట్లాడకుండ ఇను.

నవంబరు పద్దెనిమిది నాడు మీ అన్న డ్యూటీ దిగి వచ్చిండు. నేను మందతోని పెద్దవూరల ఉన్న. నీ పద్నాలుగింటిని మేపనీకె తోలుకపోయిండు. లక్ష్మయ్య చేన్ల పశువులకేసిన జొన్న కోసిన్రు, వానలు వడ్డంక మోళ్లకు లేత పిలకలొచ్చినయ్. పచ్చగ కనవడంగనే ఇడిసిండు. లేత జొన్న పిలక జీవానికి విషమని మన ఇండ్లల్ల పోరగాండ్లకు గూడ ఎరుకే. ఆయనకు గూడ ఎరుకే. నీకు ఉప్పునీళ్ల సంగతి ఎరుక ఉన్నట్టే. పిలకలల్ల మూతి వెట్టిన ఎనిమిది ఆడికాడ్నే వణుక్కుంట పడ్డయ్. గట్టు మీద గడ్డికి ఆగిన ఆరు దక్కినయ్.

ఏవేవి పోయినయంటే, మూతికి నల్లమచ్చ ఉన్నది. దాని బిడ్డలు రెండు. కొమ్ము ఇరిగిన పొట్టేలు. కుంటిది. సూడితోని ఉన్నయి రెండు. మీ నాయన నీకిచ్చిన మూడింట్ల మిగిలిన ముసల్ది. దాన్ని ముట్టుకోని మీ అన్న చిన్నపిల్లగాని లెక్క ఏడ్చిండంట, అత్త చెప్పింది. సూర్యాపేటల గోడ దిక్కు మల్లి పండుకున్నది గందుకే. "చెల్లెకు ఏం మొకం సూపియ్యాలె" అన్నదొక్కటే మాట.

నీకు చెప్తే నువ్వేమనుకుంటవ్? వేరు చేయమన్నది నేనే, నేనే సంపుకున్న అనుకుంటవ్. లేకుంటె, మాది మాకుంచుకోని నావి సంపిన్రనుకుంటవ్. రెండిట్ల ఏదనుకున్నా నాకు సయించదు. ఇంటి జీవాలకు గాటు పెడితే మీ అన్న ఒప్పుకోడు. నావైతే నా ఇష్టం. కత్తి కాల్చి నేనే కోసిన. ముత్తమ్మ పట్టుకున్నది. మూడోది ఇడిపిచ్చుకోని ఉరికింది, మల్ల పట్టుకొచ్చి కోసిన.

నీ దొరసాని చెప్పింది నిజమే. చచ్చినవి నీవి, నీకు చెప్పాల్సిందుండె. గది సదివిన నాటిసంది నాకు నిద్ర లేదు.

వాటిని వాపస్ ఇస్తనని రాయకు. కోసిన చెవి మల్ల అతకదు. అమ్ముకో, చెరువు తవ్విచ్చుకో, కొర్రమీన్లు పెంచుకో, బకెట్ల ఏసుకో.

ఇంకొకటి ఉన్నది. నోటితోని చెప్పలేక లొల్లి చేసిన, కాగితం మీదనైతే రాయొచ్చు. నువ్వు జీవాలను వేరు చేయమన్ననాడు మంద ఇరుగుతదన్న. అబద్ధం. పద్నాలుగు పోతే ఇరిగే మంద కాదిది. నీ జీవాలు ఈడుంటె నెలకొక్కసారన్న వాటిని సూడనీకె వస్తవ్. వచ్చి దొడ్డి కాడ నాతోని కూసుంటవ్. అత్తకు చెవులు ఇనవడయ్. మీ అన్నకు పది మాటలడిగితే ఒకటి చెప్తడు. ఈ ఇంట్ల నాతోని మాట్లాడే మనిషివి నువ్వొక్కదానివే గోపికా. జీవాలు పోతే నువ్వు ఇగ ఎందుకొస్తవని భయమైంది. నీ చెరువు మీద నాకేం కోపం లేదు.

పద్నాలుగింటిని మందల నుంచి తీసి దొడ్ల కట్టేసిన. వచ్చి తోలుకపో.

సరళ